సైకాలజీ సైన్సేనా? మీ బాబాయికి ఏం చెప్పాలంటే

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటర్ బైపీసీ రెండో ఏడు, నీట్ వద్దనుకున్నావు, డిగ్రీలో సైకాలజీ తీసుకుంటానంటున్నావు. కెమిస్ట్రీ లెక్చరర్ అయిన మీ బాబాయి మాత్రం "అది సైన్సే కాదు. ఫార్ములాలు ఉండవు, ఒక్కో మనిషి ఒక్కోలా ఉంటాడు, వాళ్ల ప్రయోగాలు మళ్లీ చేసి చూస్తే సగానికి పైగా తేలిపోయాయి, కబుర్లు చెప్పడానికి డిగ్రీ ఎందుకు" అన్నారు. ఏం జవాబు చెప్పాలో తెలియక ఇక్కడ అడిగావు. నేను ఇరవై మూడేళ్లుగా హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను, మధ్యలో ఆరేళ్లు డిగ్రీ పిల్లలకు పాఠాలు కూడా చెప్పాను. నీది మా అమ్మాయి వయసు, అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

మీ బాబాయి మాటల్లో ప్రయోగాల గురించి అన్నది నిజం. దాన్ని దాచను, దాని గురించే ఎక్కువ రాస్తాను. కానీ ఆ నిజం నుంచి ఆయన తేల్చిన మాటతో నేను ఒప్పుకోను.

అసలు ఈ గొడవలో సగం మన భాషలోనే ఉంది. మనం శాస్త్రం అన్న మాటను దేనికైనా తగిలిస్తాం. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, పాకశాస్త్రం, వాస్తుశాస్త్రం, జ్యోతిషశాస్త్రం, వాటి పక్కనే మనస్తత్వశాస్త్రం. భోజనం వద్దన్న చుట్టాన్ని కూడా "శాస్త్రానికి ఒక్క ముద్ద తినండి" అని కూర్చోబెడతాం. పాత అర్థంలో శాస్త్రం అంటే నియమాలన్నీ ఒక పద్ధతిలో పేర్చి గురువు శిష్యుడికి అప్పగించే విద్య. ఆ లెక్కన ఇవన్నీ శాస్త్రాలే, తగాదా లేదు. 2001లో యూజీసీ జ్యోతిషాన్ని యూనివర్సిటీ కోర్సుగా పెట్టాలనుకున్నప్పుడు మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పీఎం భార్గవ కోర్టుకు వెళ్లారు, 2004లో సుప్రీంకోర్టు ఇందులో మేం కలగజేసుకోం అని అప్పీలు కొట్టేసింది. ఏది సైన్స్ అన్నది కోర్టులోనో సిలబస్ కమిటీలోనో తేలే సంగతి కాదని నాకు అప్పుడే అర్థమైంది. సైకాలజీనే చూడు, కొన్ని కాలేజీలు దానికి బీఏ ఇస్తాయి, కొన్ని బీఎస్సీ ఇస్తాయి. సర్టిఫికెట్ మీది అక్షరాలు మారినంత మాత్రాన లోపల ఉన్న పాఠం మారదు కదా.

మరి దేన్ని పట్టుకుని తేల్చాలి? నేను ఇన్నేళ్లుగా పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. నా మాట తప్పైతే అది ఎక్కడ, ఎలా బయటపడుతుందో ముందే చెప్పగలనా, బయటపడ్డాక ఒప్పుకుంటానా? ఫార్ములాలు, తెల్ల కోటు, మైక్రోస్కోపు, ఇవన్నీ ఆ తర్వాతి సంగతి.

ఫార్ములా సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీ బాబాయి వాదనలో అన్నిటికంటే బలహీనమైనది అదే. సీసీఎంబీ పక్కనే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. భూకంపాల మీద అక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి దగ్గర భూమి కంపిస్తే ఇక్కడ హైదరాబాద్‌లో కూడా మంచాలు ఊగాయి, అక్కడ వేల మంది పోయారు. ఫలానా రోజు ఫలానా ఊళ్లో వస్తుందని ఎవరూ చెప్పలేదు, ఈ రోజుకీ ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. అంతమాత్రాన భూభౌతిక శాస్త్రం సైన్స్ కాదని ఎవరైనా అంటారా? ఏ ప్రాంతానికి ప్రమాదం ఎక్కువ, ఎంత తీవ్రత వస్తే ఏ రకం కట్టడం కూలుతుంది అని వాళ్లు చెప్పగలరు. ఒక మనిషి రేపు పొద్దున ఏం చేస్తాడో నేనూ చెప్పలేను, ఇలాంటి పరిస్థితిలో వెయ్యి మందిని పెడితే ఎంతమంది ఎటు మొగ్గుతారో మాత్రం కొన్ని విషయాల్లో బాగానే చెప్పగలను. మనిషి మనిషికీ తేడా ఉండటం కూడా అంతే. ఒకే బీపీ మాత్ర ఇద్దరిలో ఒకేలా పనిచేయదు, అయినా దాన్ని పరీక్షించకుండా మందుల షాపులోకి రానివ్వం. మనుషులందరూ ఒకేలా ఉంటే అసలు స్టాటిస్టిక్స్ అవసరమే ఉండేది కాదు.

పైగా సైకాలజీలో కొన్ని అంకెలు రాయిలా నిలబడ్డాయి. జర్మనీలో హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల జాబితాలు తయారుచేసుకుని, తన మీదే ప్రయోగం చేసుకుని, 1885లో పుస్తకంగా అచ్చేశాడు. అర్థం లేని మాటలే ఎందుకంటే, అర్థమున్న మాటైతే మనకు ముందే తెలిసినదానితో ముడిపడిపోతుంది, కొలత పాడవుతుంది. ఒక జాబితాను కంఠతా పట్టేవాడు, కొంతసేపు వదిలేసేవాడు, మళ్లీ పట్టేవాడు. రెండోసారి ఎంత సమయం కలిసొచ్చిందో చూసేవాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం కలిసొచ్చింది, గంటకు 44, ఒక రోజుకు 34, నెల రోజులకు 21. చూశావా, మొదటి గంటలోనే ఎక్కువ పోతుంది, తర్వాత మెల్లగా కారుతుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వ్యక్తి డెబ్భై గంటలు కూర్చుని అదే ప్రయోగం మళ్లీ చేస్తే, గ్రాఫ్ గీసినప్పుడు దాదాపు అదే వంపు వచ్చింది. మధ్యలో 130 ఏళ్లు, రెండు ప్రపంచ యుద్ధాలు, కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వచ్చాయి. వంపు మారలేదు.

ఇప్పుడు అటువైపు చూద్దాం. వియన్నాలో కార్ల్ పాపర్ అనే తత్వవేత్త కుర్రాడిగా ఉన్నప్పుడు, 1919లో, ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ అనే మనోవైద్యుడితో కలిసి పిల్లల మధ్య పనిచేశాడు. మనుషుల ప్రవర్తనకు మూలం ఆత్మన్యూనత అన్నది ఆడ్లర్ సిద్ధాంతం. పాపర్ ఒక పిల్లాడి కేసు చెప్పాడు, అది ఆ సిద్ధాంతానికి అంతగా అతకనిదని అతని అనుమానం. ఆడ్లర్ ఆ పిల్లాడిని చూడను కూడా చూడలేదు, అక్కడికక్కడే ఆత్మన్యూనతతో వివరించేశాడు. అంత గట్టిగా ఎలా చెప్తున్నారంటే వెయ్యి కేసుల అనుభవం అన్నాడు. పాపర్‌కు అక్కడే మెలకువ వచ్చింది. ఒకడు పిల్లాడిని నీళ్లలోకి తోసేసినా, ఇంకొకడు అదే పిల్లాడి కోసం నీళ్లలో దూకి ప్రాణం పోగొట్టుకున్నా, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ సిద్ధాంతం, ఆడ్లర్ సిద్ధాంతం రెండిటినీ అంతే సులువుగా వివరిస్తాయి. ఏం జరిగినా సరిపోయే మాట ఏమీ చెప్పని మాటే. నా మటుకు నాకు పాపర్ అన్నది పూర్తిగా సరిపోదు (నిజం సైన్స్‌లో కూడా ఒక్క ప్రయోగం ఎదురు తిరగగానే ఎవరూ సిద్ధాంతాన్ని వదిలేయరు, ముందు పరికరాన్ని అనుమానిస్తారు), కానీ ఫ్రాయిడ్ కలల అర్థాల గురించి అతను అన్నది నాకు నచ్చుతుంది. మీ బాబాయి మనసులో ఉన్న సైకాలజీ బహుశా ఫ్రాయిడ్ రోగిని పడుకోబెట్టే ఆ సోఫా, ఆ కలలే. మన దేశంలో 1916లో కలకత్తా యూనివర్సిటీలో మొదటి సైకాలజీ విభాగం పెట్టినప్పుడు ప్రయోగశాలతో పెట్టారు, 1923 నాటికి ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో దానికి విడి విభాగం ఉంది. ఈ మాట ఆయనకు చెప్పు, వినకపోవచ్చు, అయినా చెప్పు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కంటే ఆ రోజు గట్టిగా తగిలింది. వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి ఓపీ. ఎనిమిదేళ్ల పిల్లాడిని తీసుకుని తల్లి వచ్చింది. పాలమూరు వైపు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చిన కుటుంబం. "బళ్లో ఏం చెప్పినా ఎక్కట్లేదు మేడమ్, పిలిస్తే పలకడు, మొండి" అంది. నేను ఐక్యూ పరీక్ష పెట్టాను, చాలావరకు నోటి ప్రశ్నలున్నది. 64 వచ్చింది. దాంతోపాటు సెగన్ ఫార్మ్ బోర్డ్ కూడా పెట్టాను, అంటే రకరకాల ఆకారాల చెక్కముక్కల్ని వాటి వాటి గుంటల్లో గబగబా పెట్టాలి, గడియారం పెట్టి చూస్తాం. అది వాడు తన వయసు పిల్లల్లాగే చకచకా చేసేశాడు. వైన్‌ల్యాండ్ స్కేలు ప్రకారం తల్లిని అడిగాను, స్నానం, బట్టలు, ఇంటి పనులు, బయటి పనులు. "కిరాణా కొట్టుకు పోయి చిల్లర లెక్క చూసుకుని తెస్తాడు" అంది. అందులోనూ దాదాపు మామూలు మార్కులే.

మూడు కొలతల్లో రెండు ఒక మాట చెప్తున్నాయి, మూడోది ఇంకో మాట చెప్తోంది. నేను ఆ మూడోదాన్నే, అంటే ఐక్యూనే నమ్మాను. తల్లి కదా, పిల్లాడిని వెనకేసుకొస్తోందనుకున్నాను, చెక్కముక్కలు ఆటలాంటివి అనుకున్నాను. స్వల్ప స్థాయి బుద్ధిమాంద్యం అని రిపోర్టు రాసిచ్చాను.

ఎనిమిది నెలల తర్వాత సర్టిఫికెట్ పని మీద ఆమె మళ్లీ వచ్చింది. ఆ రోజు ఫైలు మా సీనియర్ మేడమ్ చేతిలో పడింది. ఆవిడ నన్ను తిట్టలేదు. "ఈ ఫార్మ్ బోర్డ్ స్కోరు, ఈ ఐక్యూ ఒకే పిల్లాడివేనా? చెవులు చూపించావా?" అని మాత్రం అడిగారు. ఆడియాలజీకి పంపిస్తే రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువ. చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారుతుండేదట, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ గోల ఉన్న ఓపీలో నేను అడిగిన ప్రశ్నలు వాడికి సగం వినపడి ఉండవు. ఎనిమిది నెలలు ఆ పిల్లాడి నెత్తిన నా సంతకం ఉంది, ఆ ఎనిమిది నెలలూ బళ్లో వాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

ఇది విని ఎవరైనా "చూశారా, మీ పరీక్షలు నమ్మదగ్గవి కావు" అనొచ్చు. నేను చాలా రోజులు అలాగే అనుకుని కుమిలిపోయాను. తర్వాత ఫైలు మళ్లీ చదివితే ఇంకోటి కనపడింది. నా తప్పు ఆ కాగితం మీదే రాసి ఉంది. రెండు కొలతలు కొట్లాడుకుంటున్నాయని నా చేతి రాతతోనే ఉంది. పద్ధతి నాకు చెప్పింది, నేను వినలేదు. సిద్ధాంతం ప్రేమలో పడిన ఆడ్లర్‌లాగే నేనూ నాకు తోచిన వివరణతో మిగతా రెండిటినీ సరిపెట్టేశాను. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ ఫైలు తెలియని ఇంకొక మనిషి వచ్చి అవే అంకెలు చూసి నన్ను తప్పుపట్టగలిగింది. నాడి పట్టుకుని "వీడికి బుద్ధి లేదు" అని చెప్పేసి ఉంటే ఆవిడకు పట్టుకోవడానికి ఏముండేది? అప్పటి నుంచి నాకొక నియమం, రెండు కొలతలు విభేదిస్తే రిపోర్టు మీద సంతకం పెట్టను, చెవి, కన్ను, భాష, ముందు రాత్రి నిద్ర, అన్నీ చూశాకే. నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ ఈ కేసే మొదటి పాఠం.

సరే, మీ బాబాయి చెప్పిన నిజం దగ్గరికి వద్దాం. 2011లో డారిల్ బెమ్ అనే పేరున్న అమెరికన్ సైకాలజిస్టు, మనుషులు భవిష్యత్తును ముందే పసిగట్టగలరంటూ తొమ్మిది ప్రయోగాలు, వెయ్యి మందికి పైగా మనుషులతో, ఆ రంగంలో పెద్ద పేరున్న పరిశోధన పత్రికలో అచ్చు వేశాడు. అందరూ వాడే లెక్కలే వాడాడు, అందరూ పాటించే పద్ధతే పాటించాడు. అదే అందర్నీ భయపెట్టింది. ఈ పద్ధతితో ఇది కూడా నిజమని తేలుతుంటే, మన మిగతా నిజాల సంగతేంటి? బ్రిటన్‌లో ముగ్గురు పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే ఏమీ రాలేదు, ఆ ఫలితాన్ని మొదటి పత్రిక వేసుకోనంది. అదే ఏడాది ఇంకో ముగ్గురు, కావాలని, మామూలుగా అందరూ చేసే చిన్న చిన్న సర్దుబాట్లన్నీ చేసి ఒక పేపర్ రాశారు. కొన్ని లెక్కలు చూపించి కొన్ని వదిలేయడం, ఫలితం వచ్చేదాకా మనుషుల్ని చేర్చుకుంటూ పోవడం లాంటివి. అలా చేస్తే ఒక పాత పాట విన్న విద్యార్థుల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిపోయిందని "రుజువు" అయింది. పాట వింటే పుట్టినతేదీ మారిపోవడం! ఎక్కడా అంకెలు దొంగవి కావు, ఎంపిక మాత్రమే దొంగది.

2015లో పెద్ద లెక్క వచ్చింది. 270 మంది కలిసి, మంచి పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాలను మళ్లీ చేశారు. మొదట 97 శాతం ఫలితం వచ్చిందన్నవి, మళ్లీ చేస్తే 36 శాతమే నిలిచాయి. జ్ఞాపకం, దృష్టి, ఏకాగ్రత లాంటి వాటిలో సగం దాకా, సామాజిక ప్రవర్తన మీద చేసినవాటిలో నాలుగో వంతు.

ఇందులో నా పాఠం కూడా పోయింది. మనసుకు అదుపు శక్తి ఒక బ్యాటరీ లాంటిది, ఒకచోట వాడితే ఇంకోచోట తగ్గిపోతుంది అన్న 1998 నాటి ప్రయోగం ఉంది, ఘుమఘుమలాడే చాక్లెట్ బిస్కెట్లు ఎదురుగా పెట్టి ముల్లంగి మాత్రమే తినమన్నది. అది నేను క్లాసులో ఎంత ఇష్టంగా చెప్పేదాన్నో. 2016లో 23 ల్యాబులు, రెండు వేల మందికి పైగా మనుషులతో అదే సిద్ధాంతాన్ని పరీక్షిస్తే తేడా సున్నాకు దగ్గరగా తేలింది. ఆ రాత్రి నేను పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో "మీకు నేను చెప్పిన ఫలానా పాఠం నిలవలేదు, నోట్సులో కొట్టేయండి" అని రాశాను. ఇబ్బందిగానే అనిపించింది. కానీ మీ బాబాయిని ఒక్క మాట అడుగు, ఈ 36 శాతం లెక్కను బయటపెట్టింది ఎవరు? కెమిస్ట్రీ వాళ్లు కాదు, న్యూస్‌పేపర్ల వాళ్లు కాదు, సైకాలజిస్టులే, సొంత సమయం, కొందరు సొంత పేరు కూడా పణంగా పెట్టి. వాస్తు ప్రకారం కట్టిన వంద ఇళ్లను మళ్లీ పరీక్షించి 36లోనే పనిచేసిందని వాస్తు పండితులే అచ్చు వేసిన రోజు నాకు చెప్పమను.

ఇంకో సంగతి కూడా ఆయనకు తెలియాలి. 2012లో ఒక అమెరికన్ మందుల కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్ మీద పేరుపడ్డ 53 పరిశోధనలను మళ్లీ చేస్తే ఆరే నిలిచాయి. అది బయాలజీ, ల్యాబుల్లో చేసిన పని. సైకాలజీకే పట్టిన జబ్బు కాదిది, మనిషి పేరు కోసం ఉద్యోగం కోసం పరిగెత్తే చోటల్లా ఉంటుంది. ఒప్పుకుంటాను, ఆయన కెమిస్ట్రీ మా కంటే చాలా గట్టి నేల మీద ఉంది, సోడియం పరమాణువు తన గురించి రాసిన పాఠం చదివి మారిపోదు, మనిషి మారతాడు.

తర్వాత ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. ప్రయోగం మొదలుపెట్టక ముందే ఏం అనుకుంటున్నాం, ఎంతమందిని తీసుకుంటాం, లెక్క ఎలా వేస్తాం అన్నది రాసి నమోదు చేయడం మొదలైంది. కొన్ని పత్రికలు ఆ ప్లాను చూసే, ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేస్తామని ముందే మాటిస్తున్నాయి. దాని ప్రభావం ఎంతో తెలుసా? 2021లో పోల్చి చూస్తే, మామూలు పద్ధతిలో వచ్చిన పేపర్లలో 96 శాతం "మేం అనుకున్నదే నిజమైంది" అంటున్నాయి. ముందే మాటిచ్చిన పద్ధతిలో అలా అన్నవి 44 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడా చూసిన రోజు నాకు మొదట బాధ, తర్వాత చాలా ఊరట కలిగింది.

ఇంకో లోపం ఉంది, అది మనకు బాగా తగిలేది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే, ఆ గిన్నె వరకే. సైకాలజీ చాలా ఏళ్లు ఒక్క గిన్నెలో మెతుకు పట్టి చూసి ఊళ్లో అందరి అన్నం ఉడికిందని చెప్పింది. 2010లో అచ్చయిన ఒక పేపర్ ప్రకారం, పేరున్న సైకాలజీ పత్రికల ప్రయోగాల్లో ఉన్న మనుషుల్లో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతం మాత్రమే ఉన్న పాశ్చాత్య దేశాల వాళ్లు, అందులోనూ ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. బాణం తలలు లోపలికి ఒకటి, బయటికి ఒకటి గీసిన రెండు సమానమైన గీతలు పొడుగు తేడాగా కనిపించే బొమ్మ ఉంటుంది, నీ టెక్స్ట్‌బుక్‌లో కూడా వస్తుంది. 1966లో అచ్చయిన పరిశీలనలో ఆ భ్రమ అమెరికన్లకు అందరికంటే ఎక్కువగా, కలహారీ ఎడారి వేటగాళ్లకు దాదాపు లేనట్టుగా తేలింది. కంటి చూపే ఊరిని బట్టి మారితే, దిగులూ భయమూ మారవా? ఒకసారి ఇంగ్లీషు నుంచి మక్కీకి మక్కీ తెలుగు చేసిన ప్రశ్నాపత్రం ఒకటి నా దగ్గరికి వచ్చింది. "కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నట్టు ఉంటోందా?" అని ఉంది అందులో. ఉప్పల్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "అట్లాంటిదేం లేదమ్మా, గుండె దడ, ఒళ్లంతా గుంజుడు, ఏ పనీ చేయబుద్ధి కాదు" అంది. ఆ ప్రశ్నకు సున్నా వేస్తే ఆవిడకు టెన్షన్ లేనట్టే లెక్క. మన భాషలో మన మనుషుల మీద సరిగ్గా కట్టిన కొలతలు ఇంకా చాలా తక్కువ. నీలాంటివాళ్లు ఈ చదువులోకి రావాలని నేను గట్టిగా కోరుకోవడానికి అదొక కారణం.

ఇక మన నగరంలో సైకాలజీ పేరుతో అమ్ముడుపోయే సరుకు గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇది చూసే చాలామంది చదువుకున్నవాళ్లు మొత్తం సబ్జెక్టునే కొట్టిపారేస్తారు. డీఎంఐటీ అని పిల్లల వేలిముద్రలు తీసుకుని, వీడు డాక్టరవుతాడా, సింగరవుతాడా, ఎడమ మెదడా కుడి మెదడా అని రంగురంగుల రిపోర్టు ఇస్తారు, కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా స్కూళ్లలో స్టాళ్లు పెడతారు, తల్లిదండ్రుల దగ్గర వేలు తీసుకుంటారు. వేలి గీతలు కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి, వాటికీ తెలివి రకాలకీ సంబంధం చూపించిన ఆధారం లేదు, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించింది. వాళ్లనొక ప్రశ్న అడుగు, "ఏం జరిగితే ఈ రిపోర్టు తప్పని ఒప్పుకుంటారు?" పిల్లాడు సింగర్ కాకపోతే "సామర్థ్యం ఉంది, ఇంట్లో వాతావరణం సరిపోలేదు" అంటారు. మళ్లీ ఆడ్లర్ దగ్గరికే వచ్చాం.

కౌన్సెలింగ్ కూడా అంతా సైన్స్ అని నేను అనను. కొడుకు పోయిన తల్లి ఎదురుగా కూర్చున్నప్పుడు ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో ఏ పేపరూ చెప్పదు, అది ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చే నేర్పు. కానీ ఆ నేర్పు వెనక, ఏ పద్ధతి పనిచేస్తుంది ఏది చేయదు అన్నది పరీక్షించొచ్చు, పరీక్షిస్తున్నారు కూడా. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులతో కొన్ని వారాల కౌన్సెలింగ్ కూడా ఇచ్చారు, డిగ్రీ ఉన్న సైకాలజిస్టులు కాదు వాళ్లు. మూడు నెలలకు ఆ గుంపులో 64 శాతం మంది తేరుకున్నారు, రెండో గుంపులో 39 శాతం. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కబుర్లు చెప్పడానికి డిగ్రీ ఎందుకు అన్నారు కదా మీ బాబాయి, ఏ కబుర్లు పనిచేస్తాయో తేల్చడానికి డిగ్రీ కావాలి.

అందుకని నా జవాబు, సైకాలజీ మొత్తాన్ని ఒక ముద్దగా పట్టుకుని సైన్సా కాదా అని అడగొద్దు, ఒక్కో మాటను విడిగా అడుగు. మరుపు వంపు సైన్స్. కలల అర్థాలు కావు. వేలిముద్రల రిపోర్టు అసలే కాదు. వ్యక్తిత్వ పరీక్షలు కొన్ని అవును, కొన్ని కాదు, ఒక్కోదాన్నీ తెరిచి చూడాలి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బీఏనా బీఎస్సీనా అని చూడకు. స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లు చెప్తారు, ప్రాక్టికల్స్ నిజంగా పెడతారా లేక రికార్డు బుక్కు సీనియర్ల దగ్గర చూసి రాయిస్తారా అని అక్కడ చదివే పిల్లల్ని అడుగు. లెక్కలంటే పారిపోవడానికి సైకాలజీ తీసుకుంటుంటే మాత్రం వద్దు, రెండో ఏడాదికే ఏడుస్తావు. క్లినికల్ వైపు రావాలంటే మామూలు పీజీ చాలదు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఏళ్లు పడుతుంది, ఇంట్లో ఇప్పుడే చెప్పి పెట్టుకో.

ఇక మీ బాబాయితో వాదించడం కంటే ఒక పని చెయ్యి. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగం ఉంది. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది, ఒకసారి చదివి రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లకు 56 శాతం. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం తిరగబడింది, రెండుసార్లు చదివినవాళ్లే కొంచెం ముందున్నారు, అందుకే పిల్లలు చదివిందే చదువుతూ వచ్చేసిందనుకుంటారు. ఆయన లెక్చరర్ కదా, ఆయన క్లాసులో నలభై మంది ఉంటారు. పేర్లు చీటీలు వేసి ఇరవై ఇరవై చేయమను, ఆయన ఇష్టమొచ్చిన కెమిస్ట్రీ పాఠం ఇవ్వమను, ప్రశ్నపత్రం ఆయన్నే పెట్టమను, ఎవరు ఏ గుంపో తెలియని వేరే మేడమ్‌తో దిద్దించమను. వారం తర్వాత పరీక్ష. ఎవరికి ఎక్కువ వస్తాయో, ఎంత తేడా వస్తే ఒప్పుకుంటారో ఆయనా నువ్వూ ముందే చెరో కాగితం మీద రాసి, మడిచి, మీ అమ్మ చేతికివ్వండి. ఇరవై మంది తక్కువే, ఒక్కసారికే తేలకపోవచ్చు, అలాంటప్పుడు రెండో సెక్షన్‌లో మళ్లీ చేయండి. ఫలితం ఎటు వచ్చినా ఇక్కడ రాయి, నేను చూస్తాను.